అడిగి నడిచిన బీడు

మార్చి 3

ఈ రోజు నుంచి నేను నెదర్ ప్లమ్‌లీ ఊరి పంచాయతీ గుమాస్తాని. వారానికి ఆరు గంటల కొలువు. తత్వశాస్త్రంలో పట్టా ఉన్నవాడికి ఇంతకు మించి పదవి ఈ రాజ్యంలో లేదని బ్రిస్టల్లో ఏడు నెలలు వెతికి మరీ నిర్ధారించుకున్నాను. అక్కడ గది ఖాళీ చేసి తాత ఇంటికి వచ్చేశాను. వచ్చినవాణ్ణి ఎందుకొచ్చావని తాత అడగలేదు. "సామాను మెట్ల మీద పెట్టకు, కుక్క తట్టుకుని పడుతుంది" అన్నాడు. అదే స్వాగతం.

పంచాయతీ ప్రెసిడెంటు డోరీన్ హాప్‌వెల్ గారు తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టి సామ్రాజ్యం అప్పగించారు. బస్సు రాని బస్ షెల్టరు. ఫోను లేని ఎర్ర ఫోన్ బూత్, అందులో ఊరివాళ్లు వదిలించుకున్న పుస్తకాలు, వాటిలో పదకొండు జామ్ వంటకాల మీదే. ఊరి హాలు. అందులో టీ కాచే పెద్ద పాత్ర, దానితోపాటు హీటరు కూడా వేస్తే ఫ్యూజులు ఎగిరిపోతాయట. అద్దం తలుపున్న నోటీసు బోర్డు. గుత్తిలో ఇరవై మూడు చెవులున్నాయి గానీ దాని చెవి లేదు. పోయినేటి మారో గుమ్మడికాయల పోటీ ఫలితాలు అందులో శిలాశాసనంలా ఉండిపోయాయి.

"ఇవి కాక ఇంకేమన్నా ఉన్నాయాండీ?" అన్నాను.

"ఉంది. మనది కానిది ఒకటి. దానికోసమే నిన్ను పెట్టుకున్నాం" అన్నారు డోరీన్ గారు.

మార్చి 5

మనది కానిది టింకర్ బీడు. చర్చి వెనక నుంచి వాగు దాకా మూడెకరాల పచ్చిక. నేను మొదటి పన్ను ఊడగొట్టుకున్నది అక్కడే. ఊళ్లో పిల్లల ఫుట్‌బాలు, కుక్కల షికారు, వేసవి జాతర, మంచు పడితే పళ్లేల మీద జారుడు, అన్నీ అక్కడే. అయినా ఊరిది కాదు. ఆన్‌స్లో వంశానిది. ముసలి మిస్ ఆన్‌స్లో పోయిన చలికాలంలో పోయింది. మేనల్లుడు జైల్స్ ఆన్‌స్లో ఇంటి కాగితాలన్నీ చెత్తబండికి ఎత్తించి, బీడు ఇళ్లు కట్టేవాళ్లకి అమ్ముతున్నాడు. పంతొమ్మిది ఇళ్లు. ఒక్కోదానికి రెండు కార్లు నిలిపే చోటు.

దాన్ని ఊరి పచ్చికగా రిజిస్టరు చేయిస్తే ఎవరూ కట్టలేరు. అది చేయించడం నా పని.

ఆరు గంటల్లో.

మార్చి 9

తాతకి ఎవరో చెప్పినట్టున్నారు. మధ్యాహ్నం మెట్ల కింది అరలోంచి బిస్కెట్ల టిన్ను ఒకటి తీశాడు. మూత మీద కోట బొమ్మ. మోకాళ్ల మీద పెట్టుకుని, మూత తియ్యకుండానే, "దీనికన్నా సాక్ష్యం ఏం కావాల్రా కిట్టూ?" అన్నాడు.

"ఏముంది తాతా అందులో?"

"ఇరవయ్యారేళ్లు ఉన్నాయి. ఒక్క ఏడు తప్పలేదు. ఈ ఊరు ఆ బీడుని ఎలా చూసుకుందో అక్షరం అక్షరం ఉంది. తీసుకెళ్లు. మడతలు పెట్టకు."

తాత అంటే విల్ఫ్ టాన్స్‌లీ. వయసు ఎనభై మూడు. బీడులో గడ్డి కోసేది ఆయనే, ఇరవయ్యారేళ్లుగా, సొంత మెషీనుతో. ఆయనకి నేను తప్ప లోకంలో ఎవరితోనూ పేచీ లేదు.

మార్చి 10

కౌంటీ ఆఫీసు ఆవిడకి ఫోన్ చేశాను. గొంతు చాలా దయగా ఉంది, దంతవైద్యులకి ఉన్నట్టు. చట్టం విడమరిచి చెప్పింది. ఊరి జనం ఇరవై ఏళ్లపాటు ఆ నేలని వాడి ఉండాలి. గొడవపడి వాడకూడదు. దొంగచాటుగా వాడకూడదు.

"మూడోది, అనుమతి అడిగి వాడకూడదు" అంది.

"అడగకుండా వాడకూడదు అనాలేమో అండీ?"

"కాదండీ. అడిగి వాడితే అది యజమాని దయ. అడక్కుండా సొంతంలా వాడితేనే హక్కు. చాలామంది అక్కడే దెబ్బతింటారు. పాపం, మర్యాదస్థులు."

అడుగు పడబోయే గోతిని చూసినా "క్షమించండి" అనే జాతి మనది. మనకి ఈ చట్టం రాసినవాడు ఎవడో గొప్ప హాస్యగాడు.

మార్చి 10, మళ్లీ

టిన్ను తెరిచాను.

ప్రతి ఏప్రిల్లోనూ ఒక ఉత్తరం. కార్బన్ కాగితం పెట్టి రాసిన నకలు, తాత చేతిరాత, గీతలు గీసుకుని రాసినంత నిటారుగా. "మిస్ ఆన్‌స్లో గారికి. ఈ ఏడు కూడా ఊరి పిల్లలు, కుక్కలు, పెద్దలు టింకర్ బీడులో తిరగడానికీ, జాతర జరుపుకోవడానికీ, నేను గడ్డి కోయడానికీ తమ అనుమతి కోరుతున్నాను. గేటు వేసే ఉంచుతాము. ఇట్లు, డబ్ల్యూ. టాన్స్‌లీ."

ప్రతిదానికీ ఒక కార్డు జతగా. "మిస్టర్ టాన్స్‌లీ, ఎప్పటిలాగే, సంతోషంగా. మూడంగుళాలకు తక్కువ కోయవద్దు. పసుపు కౌస్లిప్ పూలున్న మూల వదిలేయగలరు. పోయినేటి నారింజ మార్మలేడ్ బాగుంది. ఇ. ఆన్‌స్లో."

ఇరవయ్యారు ఉత్తరాలు, ఇరవయ్యారు కార్డులు. ఊరందరి తరఫునా. మళ్లీ చదివాను. అదే ఉంది.

మార్చి 11

తాతకి రేపు చెప్తాను.

మార్చి 14

ఇవాళ హాల్లో కాఫీ పొద్దు, ఊరంతా కాఫీకి చేరే పూట. జనం ఎక్కువ. రేపు.

మార్చి 19

టిన్ను ఇంట్లో ఉండటం మంచిది కాదనిపించింది. తేమ. ఫోన్ బూత్‌లో, జామ్ పుస్తకాల వెనక పెట్టాను. దాచడం వేరు, ఇది వేరు. ఫోన్ బూత్ బహిరంగ స్థలం, తలుపుకి తాళం లేదు, ఈ దేశపు పౌరులెవరైనా ఎప్పుడైనా చేయి పెట్టి తీసుకోవచ్చు. నాకు తెలిసినంతలో ఇంత బహిరంగంగా ఉన్న సాక్ష్యం మరెక్కడా లేదు.

ఆ పుస్తకాల్ని పదేళ్లుగా ఎవరూ ముట్టలేదు. అది నా తప్పు కాదు.

ఏప్రిల్ 2

సాక్ష్య పత్రాలు నింపించే కార్యక్రమం. ఇంటింటికీ తిరిగాను. ఇరవై రెండు ప్రశ్నలు. పద్నాలుగో ప్రశ్న: ఆ నేలని వాడుకోవడానికి మీరు గానీ, మీ తరఫున ఎవరైనా గానీ ఎప్పుడైనా అనుమతి అడిగారా?

"అడగడమేమిటి, నాలుగేళ్లప్పట్నుంచీ అక్కడే పొర్లుతున్నాను" అంది ఒకావిడ. "మా కుక్క కూడా అడగలేదు, రాసుకో" అన్నాడు ఆవిడ మొగుడు. అందరూ లేదనే రాశారు. అబద్ధం కాదు. వాళ్ల తరఫున ఒకాయన అడుగుతున్నాడని వాళ్లకి తెలీదు.

తాత పత్రం సాయంత్రం వంటింట్లో నింపాను. ఆయన కళ్లద్దాలు రిపేరుకి వెళ్లాయి. నేను చదవడం, ఆయన చెప్పడం, నేను రాయడం. పదమూడు దాకా బాగానే నడిచింది. అక్కడ కుక్క తలుపు గీకింది, మేజర్ దాని పేరు, ఇంట్లో కాస్త క్రమశిక్షణ ఉన్నది దానికే. లేచి బయటికి వదిలి వచ్చి కూర్చుని, "పదిహేనోది, తాతా" అన్నాను.

అడుగున ఆయన సంతకం పెట్టాడు. పద్నాలుగు దగ్గర "లేదు" గళ్లో గుర్తు ఎప్పుడు పడిందో నేను చూడలేదు. పెన్ను నా చేతిలోనే ఉంది.

ఏప్రిల్ 6

డోరీన్ గారు హాల్లో కప్పులు తుడుస్తూ, నా వైపు చూడకుండా, "కిట్ బాబూ, మీ తాత ఏదో టిన్ను సంగతి చెప్పాడు" అన్నారు.

"అదా, అదీ..."

"ఎక్కడుందో నాకు చెప్పకు. ఎవరన్నా అడిగితే నేను చెప్పేస్తాను, నా పెంపకం అలాంటిది." ఒక కప్పు వెలుతురుకి ఎత్తి చూశారు. "మా అబ్బాయి చితాభస్మం చల్లింది ఆ వాగొడ్డునేనని నీకు తెలుసుగా?"

తెలుసు.

"అడిగి చల్లలేదు" అన్నారు.

ఏప్రిల్ 20

తాత ఈ ఏడు ఎవరికి రాయాలో తెలీక తిరుగుతున్నాడు. "ఆ మేనల్లుడికి రాస్తే బావుంటుందంటావా?" అన్నాడు. కేసు నడుస్తుండగా రాయకూడదన్నాను. నిజమే అది. నేను చెప్పిన నిజాల్లో ఈ నెల అదొక్కటే, అందుకని రాసుకుంటున్నాను.

రాయకుండా గడ్డి కోయడం ఆయనకి చేతకాలేదు. మోకాలెత్తు పెరిగింది.

జూన్ 11

పంచాయతీ రికార్డులన్నీ వెతికాననీ, అనుమతికి సంబంధించిన కాగితమేదీ దొరకలేదనీ గుమాస్తా హోదాలో ధ్రువీకరించి సంతకం చేశాను. ఆ టిన్ను పంచాయతీ రికార్డు కాదు. సొంత ఉత్తరప్రత్యుత్తరం. తత్వశాస్త్రం ఎందుకూ పనికిరాదన్నవాళ్లని పిలిపించి చూపించాలి.

జూలై 2

అలిసిపోయాను. ఆరు గంటల పని, వారానికి ముప్పై అవుతోంది. టీ పాత్ర, హీటరు ఒకేసారి వేశాను. ఫ్యూజులు ఎగిరిపోయాయి. నిజమే చెప్పారు.

సెప్టెంబర్ 17

విచారణ అయింది. హాలు నిండిపోయింది. పాలు చాల్లేదు.

సెప్టెంబర్ 18

నిన్న పాలు చాల్లేదు.

సెప్టెంబర్ 21

సరే, రాస్తాను.

విచారణాధికారి సన్నటి మనిషి, దగ్గు బిళ్లలు చప్పరిస్తూ అందరూ చెప్పింది ఓపిగ్గా రాసుకున్నాడు. జైల్స్ ఆన్‌స్లో చివరి వరసలో కోటు విప్పకుండా కూర్చున్నాడు. దుర్మార్గుడిలా లేడు, జలుబు చేసినవాడిలా ఉన్నాడు. ఆయన లాయరు పొద్దుటినుంచీ ఎవర్నీ కదిలించలేకపోయాడు. మధ్యాహ్నం తాత వంతు. పెళ్లిళ్లకి వేసుకునే కోటు వేసుకొచ్చాడు.

లాయరు లేచి, ఇదీ వృథాయేనన్నట్టు, "మిస్టర్ టాన్స్‌లీ, ఆ నేల వాడుకోవడానికి మీరెప్పుడూ ఎవరి అనుమతీ అడగలేదు, అంతేగా?" అన్నాడు.

తాత మొహం ఎర్రబడింది. "అడక్కుండానా? నన్నేమనుకుంటున్నారండీ మీరు? ఒక ఆడమనిషి నేలలో అడక్కుండా అడుగు పెడతానా? ఏటేటా రాశాను. ఏటేటా ఆవిడ జవాబిచ్చింది."

లాయరు కాగితాలు కింద పెట్టాడు, మెల్లిగా. "రాశారా? ఆ ఉత్తరాలు ఉన్నాయా?"

"ఉండకేం? బిస్కెట్ల టిన్నులో ఉన్నాయి. మా మనవడికిచ్చాను. అదిగో, గుమాస్తా. అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. నూట పది మంది. నాకు పాలు పోసి పెంచినవాళ్లు, పన్ను ఊడితే ఏరి రుమాల్లో కట్టి ఇచ్చినవాళ్లు. డోరీన్ గారొక్కరే కిటికీ వైపు చూస్తున్నారు. కిటికీలోంచి బీడు కనిపిస్తోంది.

"గుమాస్తా గారూ, మీ దగ్గర అలాంటి టిన్ను ఉందా?" అన్నాడు అధికారి.

"నా దగ్గర లేదండీ" అన్నాను.

నా దగ్గర లేదు. బూత్‌లో ఉంది.

"ఎప్పుడన్నా ఉండేదా?"

ఇక్కడ ఎవరో వెనక నుంచి, ఎవరో నేను రాయను, జాలిగా అన్నారు. "విల్ఫ్‌కి ఈ మధ్య కాస్త తికమకగా ఉంటోందండీ. ఎనభై దాటాయిగా, పాపం."

తాత నన్నే చూశాడు. కోపంగా కాదు. చిన్నప్పుడు నేను లెక్క తప్పు చేస్తే అలా చూసేవాడు, తప్పుని నా అంతట నేనే పట్టుకుంటానని కాచుకుని. నేను పట్టుకోలేదు.

"లేదండీ, ఎప్పుడూ లేదు" అన్నాను.

ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని దాని అంచు సరిచేశాడు. "అయితే నేనే పొరబడ్డానేమో" అన్నాడు. "ముసలాణ్ణి."

తర్వాత టీ ఇచ్చారు.

సెప్టెంబర్ 22

ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు తాత నాకన్నా ముందు నడిచాడు. మెట్ల కింద టిన్ను ఉండే అర తలుపు తీసి ఉంది. మూశాను.

అక్టోబర్ 9

కాఫీ పొద్దులో ఒకావిడ తాత చెవి దగ్గర గట్టిగా, ఒక్కో మాటా విడగొట్టి, "ఇవాళ, మంగళవారం, విల్ఫ్!" అంది.

"బుధవారమండీ" అన్నాడు తాత.

"అవునవును" అని చెయ్యి నిమిరింది.

బుధవారమే.

డిసెంబర్ 4

తీర్పు వచ్చింది. టింకర్ బీడు ఊరి పచ్చిక. ఇక పంతొమ్మిది ఇళ్లు లేవు, ముప్పై ఎనిమిది కార్లు లేవు. డోరీన్ గారు నన్ను కావలించుకుని ఏడ్చారు. చర్చి గంటలు మోగించారు, ఒక గంట అపశ్రుతిలో ఉంది, అది ఎప్పుడూ అంతే.

చట్టప్రకారం తీర్పు ప్రతిని నోటీసు బోర్డులో పెట్టాలి. దాని తాళం పగలగొట్టించి గుమ్మడికాయల్ని తీసి ఇది గుచ్చాను. ఏడు పేజీలు. ఐదో పేజీలో: "అనుమతి కోరినట్టుగా ఒక వృద్ధ సాక్షి చెప్పారు. దానికి కాగితపు ఆధారం ఏదీ లేదు. వారి జ్ఞాపకశక్తిపై ఆధారపడటం క్షేమం కాదని భావిస్తున్నాను."

ఐదో పేజీని ఆరో పేజీ కిందికి జరిపి గుచ్చాను. పిన్నులు సరిపోక.

డిసెంబర్ 5

పొద్దున్నే తాత బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. అద్దం తలుపు తీసి, ఆరో పేజీ ఎత్తి పట్టుకుని, కింద ఉన్నది చదివాడు. మొత్తం చదివాడు. తలుపు జాగ్రత్తగా వేశాడు.

ఆయన ఆ బోర్డు దాకా బీడు మీదుగా రాలేదు. రోడ్డున చుట్టూ తిరిగి వచ్చాడు. కుక్క గేటు దగ్గర ఆగి వెనక్కి చూస్తోంది.

డిసెంబర్ 19

బూత్‌లోంచి టిన్ను తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాను. మూత కాస్త తుప్పు పట్టింది. ఏం చెప్పాలో నాలుగు రకాలుగా సిద్ధం చేసుకున్నాను, ఒకటి నవ్వు తెప్పించేది కూడా.

తాత వచ్చాడు. టిన్నుని మెట్ల కింద దాని చోట పెట్టాడు. "చారు చల్లారిపోతుంది" అన్నాడు.

ఫిబ్రవరి 8

తాత రోజూ రోడ్డునే తిప్పుతున్నాడు మేజర్ని. మైలున్నర చుట్టు. వాన. ఆయనకి దగ్గు. ఊరంతా బీడులో తిరుగుతున్నారు, ఇదివరకటి కన్నా ఎక్కువ, ఇదివరకటి కన్నా గట్టిగా నవ్వుతూ. గేటు ఎవరూ వెయ్యడం లేదు.

"బీడు మీంచి వెళ్లొచ్చుగా తాతా, అది మనదేగా ఇప్పుడు" అన్నాను.

"ఎవర్ని అడిగి?" అన్నాడు.

ఎవర్నీ అడగక్కర్లేదని చెప్పబోయి ఆగాను.

మార్చి 3

గుమాస్తాగిరీకి ఏడాది. డోరీన్ గారు కేకు చేశారు. రాజీనామా రాశాను. ఇవ్వలేదు.

ఏప్రిల్ 11

ఇవాళ టపాలో పంచాయతీ గుమాస్తా గారి పేర ఒక ఉత్తరం వచ్చింది. స్టాంపు ఉంది, మన ఊరి ముద్రే. పొద్దున వంటింటి బల్ల దగ్గర రొట్టె తింటూ విప్పాను. తాత ఎదురుగా కూర్చుని రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు.

"గుమాస్తా గారికి. అయ్యా, ఈ ఏడు టింకర్ బీడులో నా కుక్కను తిప్పడానికీ, గడ్డి కోయడానికీ తమ అనుమతి కోరుతున్నాను. గేటు వేసే ఉంచుతాను. ఇట్లు, డబ్ల్యూ. టాన్స్‌లీ."

తల ఎత్తాను. ఆయన వెన్న రాసుకుంటున్నాడు.

ఏప్రిల్ 12

జవాబు నాలుగు సార్లు రాశాను. "మీరు అడగక్కర్లేదు" అని మొదటిది. చింపేశాను. నన్ను క్షమించమని రెండోది. అది గుమాస్తా రాసే ఉత్తరం కాదు, పైగా ఆయన అడిగింది అది కాదు. అసలు అనుమతివ్వడానికి నాకు అధికారం లేదు. ఆ నేల మీద ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదని తేల్చింది నేనే.

చివరిది ఇది: "మిస్టర్ టాన్స్‌లీ గారికి. తమ ఉత్తరం అందింది. ఎప్పటిలాగే, సంతోషంగా. కె. టాన్స్‌లీ, గుమాస్తా." పంచాయతీ ముద్ర వేశాను. చేతికిస్తే బావుండదని పోస్టు డబ్బా దాకా నడిచి వేసి వచ్చాను.

ఏప్రిల్ 14

అందింది. కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు, వెనక్కి తిప్పి చూశాడు. మెట్ల కింది అర తీసి, టిన్ను తీసి, అందులో అన్నిటికన్నా పైన పెట్టి మూత వేశాడు. షెడ్డులోంచి గడ్డి కోసే మెషీను బయటికి లాగిన చప్పుడు వినపడింది. మేజర్ అప్పటికే గేటు దగ్గరుంది.

అంతా అయిందనుకున్నాను. టోపీ పెట్టుకుంటూ తలుపు దగ్గర ఆగాడు.

"గడ్డి ఎంత ఎత్తు ఉంచాలో రాయలేదు" అన్నాడు. "ఆవిడ రాసేది."

"మూడంగుళాలు, తాతా. పూల మూల వదిలెయ్యి."

"నోటితో కాదు" అన్నాడు. మెషీను మళ్లీ షెడ్డులో పెట్టి వచ్చి కూర్చున్నాడు. "రాసి పంపు."

ఇంట్లో స్టాంపులు అయిపోయాయి. వెళ్లి తేవాలి.